రంగు చేపల కంటే ముందు నీళ్లు తయారవ్వాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

గత నెల మీ ఆదివారం అనుబంధంలో ఇంట్లో సముద్రపు నీటి అక్వేరియం పెట్టుకోవడం గురించి పేజీ నిండా వ్యాసం వేశారు. ఫొటోలు కళ్లు తిప్పుకోనివ్వలేదు. అయితే అందులో ఒక మాట ఉంది. తీరం దగ్గర ఉండేవాళ్లకు ఖర్చు కలిసొస్తుందని, సముద్రపు నీళ్లు తెచ్చి పోసుకుని రెండు రోజులు ఆగి చేపలు వదిలేయవచ్చని. మా ప్రాంతంలో చాలామంది ఆ మాట నమ్మారు. నమ్మిన ఫలితం సీసాల్లో నా టేబుల్ మీదకు వస్తోంది. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను భీమవరంలో ఒక ఆక్వా ల్యాబ్‌లో నీళ్ల పరీక్షలు చేస్తాను. పొద్దున్నే రైతులు రొయ్యల చెరువు నీళ్లు మినరల్ వాటర్ సీసాల్లో పట్టుకొచ్చి వరసగా పెడతారు. సీసా మీద చెరువు పేరు, సీడ్, అంటే రొయ్య పిల్ల, వేసి ఎన్నో రోజన్నది స్కెచ్ పెన్నుతో రాసి ఉంటుంది. సెలినిటీ (నీళ్లలో ఉప్పు ఎంతుందో), పీహెచ్, ఆల్కలినిటీ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే గుణం), అమ్మోనియా, నైట్రైట్, మినరల్స్ చూసి రిపోర్టు రాసిస్తాను. ఇంటి దగ్గర మా హాల్లో రెండొందల లీటర్ల పగడాల తొట్టి ఉంది. కొన్నేళ్లుగా నడుస్తోంది. అటు చెరువు, ఇటు తొట్టి రెండూ చూసుకునేదాన్ని కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. మీ వ్యాసంలో చేపల గురించి రాసినంత నీళ్ల గురించి రాసి ఉంటే ఇన్ని ప్రాణాలు పోయేవి కావు.

మొన్న వీరవాసరం వైపు నుంచి ఒక కుర్రాడు సీసా తెచ్చాడు. "చెరువు కాదండి మేడం, అక్వేరియం నీళ్లండి. చేపలు పైకొచ్చేసి నోళ్లు తెరుస్తున్నాయండి. ఉప్పు ఎక్కువైందేమో చూడండి" అన్నాడు. ఉప్పు బాగానే ఉంది. అమ్మోనియా చూశాను. చిన్న గాజు గొట్టంలో అయిదు మిల్లీలీటర్ల నీళ్లు పోసి, కిట్‌లోని చుక్కల మందులు వేసి, ఊపి, అయిదు నిమిషాలు ఆగాలి. అమ్మోనియా లేకపోతే నీళ్లు పసుపు రంగులోనే ఉండిపోతాయి, ఉంటే ఆకుపచ్చకు తిరుగుతాయి. ఈ గొట్టం అయిదు నిమిషాలు ఆగనివ్వలేదు. రెండో మందు కలుస్తుండగానే లేత పచ్చ, కార్డు మీద రంగుతో పోల్చి చూసేలోగా ముదురు పచ్చ. కుర్రాడు గొట్టం వంక, నా వంక మార్చి మార్చి చూశాడు. తొట్టి, పంపు, ఉప్పు సంచి, రెండు క్లౌన్ చేపలు, ఒక నీలం టాంగ్ చేప, ఒక పగడం ముక్క, అన్నీ ఒకే రోజు ఒకే కొట్లో కట్టబెట్టారట. ఉప్పు కలిపిన మర్నాడే చేపలు వదిలాడు. కొట్టువాళ్లూ అలాగే చెప్పారు, మీ పేపర్లోనూ రెండు రోజులు చాలనే ఉంది.

అతనితో నేను ఒకటే అడిగాను. మీ నాన్నగారు చెరువు తవ్విన మర్నాడు సీడ్ వేస్తారా అని. లేదండి అన్నాడు వెంటనే. అతనికి తెలుసు. చెరువు ఎండగట్టి, సున్నం చల్లి, నీళ్లు పెట్టి, బ్లీచింగ్ కొట్టి, ఆ ఘాటు పోయాక మినరల్సూ ప్రోబయోటిక్కూ (మేలు చేసే బాక్టీరియా) వేసి, నీళ్లు రంగు తిరిగాక, ఆ నీళ్లు ల్యాబ్‌లో చూపించుకున్నాక గానీ పిల్ల వదలరు. 2009లో వన్నామీ రొయ్య సాగుకు మన దేశంలో అనుమతి వచ్చినప్పటి నుంచి ఈ క్రమం డెల్టాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎకరం చెరువుకు ఇంత ఓర్పు పట్టే మనుషులు హాల్లో గాజు తొట్టి దగ్గరకు వచ్చేసరికి ఎందుకు తొందరపడాలి? తొట్టిలో నీళ్లు తక్కువ. తప్పు జరిగితే సర్దుకోవడానికి వ్యవధి ఉండదు. చెరువులో మూడు రోజుల్లో ముదిరే సమస్య తొట్టిలో రాత్రికి రాత్రే ముదురుతుంది.

లోపల జరిగేది ఇదీ. చేప మొప్పల గుండా అమ్మోనియా వదులుతూనే ఉంటుంది. మిగిలిన మేత కుళ్లినా అదే పుడుతుంది. దాన్ని ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. ఇవి నీళ్లలో తేలుతూ ఉండవు, రాళ్ల రంధ్రాల్లోనూ ఇసకలోనూ పట్టుకుని పెరుగుతాయి. పెరగడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ వారాల్లో తొట్టిలో చేప ఉండకూడదు. వాటికి ఆహారంగా కాస్త అమ్మోనియం క్లోరైడ్ గానీ, చిటికెడు చేపల మేత గానీ వేసి, అమ్మోనియా 2 పీపీఎం (పది లక్షల వంతుల్లో రెండు) దాకా తెచ్చి, ఇక రోజు విడిచి రోజు పరీక్ష చేస్తూ పోవడమే. ముందు అమ్మోనియా దిగుతుంది, నైట్రైట్ లేస్తుంది, తరవాత అదీ దిగుతుంది. వేసిన 2 పీపీఎం ఇరవై నాలుగు గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండు పరీక్షల్లోనూ సున్నాకు వస్తే అప్పుడు నీళ్లు తయారైనట్టు. సంక్రాంతికి ఇంట్లో క్లౌన్ చేప తిరగాలనుకుంటే కార్తీక మాసంలోనే ఉప్పు కలిపి పెట్టుకోవాలి.

మంచినీటి గోల్డ్ ఫిష్ తొట్టితో దీన్ని పోల్చుకుని చాలామంది మోసపోతారు. అమ్మోనియాలో అసలు విషం ఒక వాటా మాత్రమే. నీళ్ల పీహెచ్ పెరిగిన కొద్దీ, వేడి పెరిగిన కొద్దీ ఆ వాటా పెరుగుతుంది. పీహెచ్ 7 దగ్గర నూటికి ఒక వంతు కూడా ఉండని ఆ విషం, పగడాల తొట్టికి కావలసిన 8.2 దగ్గర పదింతలు దాటుతుంది. గోల్డ్ ఫిష్ తట్టుకున్న అమ్మోనియా క్లౌన్ తట్టుకోలేకపోవడానికి ఇదొక పెద్ద కారణం. నైట్రైట్ సంగతి దీనికి తిరకాసు. ఉప్పునీళ్లలోని క్లోరైడ్ దాన్ని మొప్పల్లోకి అంత తేలిగ్గా పోనివ్వదు, అందుకే అదే అంకె మంచినీటి చేపకు ప్రమాదం, సముద్రపు చేపకు అంత ప్రమాదం కాదు. తక్కువ సెలినిటీ చెరువుల్లో నైట్రైట్ కనబడితే ఉప్పు వేయమని మేం చెప్పేది కూడా ఇందుకే.

ఇక సముద్రపు నీళ్ల మాట. మన సముద్రాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ మన తీరంలో పగడాల దిబ్బలు ఎందుకు లేవో ఒక్కసారి ఆలోచించండి. అవి మన్నార్ సింధుశాఖలో ఉన్నాయి, కచ్‌లో ఉన్నాయి, లక్షద్వీప్‌లో, అండమాన్ నికోబార్‌లో ఉన్నాయి. గోదావరి తెచ్చే మంచినీళ్లూ ఒండ్రూ ఉన్నచోట పగడం బతకలేదు. దానికి 35 పీపీటీ (వెయ్యి వంతుల్లో 35) దగ్గర నిలకడగా ఉండే సెలినిటీ కావాలి, ఎండ లోపలికి దిగే తేట నీళ్లు కావాలి. ధవళేశ్వరం దగ్గర గేట్లన్నీ ఎత్తిన రోజుల్లో అంతర్వేది వెళ్లి చూడండి, వశిష్ఠ కలిసేచోట సముద్రం ఎంత దూరం ఎర్రగా ఉంటుందో. ఎండాకాలంలో నీళ్లు తేటపడ్డా డెల్టా డ్రెయిన్లన్నీ చేరేది ఆ తీరానికే. పొలాల ఎరువులు, పట్టణాల మురుగు, మన చెరువుల నుంచి వదిలే నీళ్లు, అన్నీ. ఒడ్డున నిలబడి క్యాన్‌తో ముంచిన నీళ్లలో ఫాస్ఫేటూ నైట్రేటూ ఉంటాయి, రొయ్యల్ని చంపే తెల్లమచ్చ వైరస్ మోసే పీతలూ చిరురొయ్యలూ కూడా ఉండవచ్చు. రొయ్య పిల్ల తీసే హేచరీలకు వచ్చే సముద్రపు నీళ్లనే ఫిల్టర్లు పెట్టి, క్లోరిన్ కొట్టి, శుద్ధి చేశాక గానీ వాడరు.

బీచ్ ఇసక కూడా అంతే. పేరుపాలెం నుంచో అంతర్వేది నుంచో గోనెసంచితో తెచ్చుకుని కడిగి పోసేద్దామనుకుంటారు. ఆ ఇసకను ఒక పళ్లెంలో పల్చగా ఆరబోసి, పాత స్పీకర్లో అయస్కాంతం తీసి మీదుగా తిప్పి చూడండి. నల్లటి రేణువులు లేచి అయస్కాంతానికి మీసాల్లా పట్టుకుంటాయి. అది మాగ్నటైట్, ఇనుప ఖనిజం. గోదావరి ఎగువ రాళ్లను అరగదీసి తెచ్చిన ఇసక అది. తొట్టికి వేసేది పగడాలూ గవ్వలూ అరిగి అయిన తెల్లటి సున్నపు జాతి ఇసక, దాన్ని అరగొనైట్ అంటారు. రెండూ చూడ్డానికి ఇసకే, నీళ్లలో చేసే పని వేరు.

కాబట్టి ప్యాకెట్ ఉప్పే దిక్కు. వంద లీటర్లకు మూడున్నర నుంచి నాలుగు కిలోల మధ్య పడుతుంది. అది ఖరీదైనదే, ఒప్పుకుంటాను. "కల్లుప్పు కిలో ఎంతండి, ఇదెంతండి" అని నన్ను అడిగినవాళ్లు చాలామంది. ఉప్పుమళ్లలో సముద్రపు నీళ్లు ఎండేటప్పుడు ముందు సున్నం, తరవాత జిప్సం విడిపోతాయి. అంటే కాల్షియం అక్కడే చాలావరకు పోతుంది. ఉప్పు గడ్డకట్టాక మిగిలిన చేదు నీళ్లలో మెగ్నీషియం పోతుంది. మన చేతికొచ్చే కల్లుప్పు దాదాపు ఒట్టి సోడియం క్లోరైడు. పచ్చళ్లకు అదే కావాలి. పగడానికి కాల్షియం 400 పీపీఎం పైన, మెగ్నీషియం 1,300 పీపీఎం దగ్గర ఉండాలి. రొయ్య గుల్ల గట్టిపడటానికి చెరువులో ఏ మినరల్స్ చల్లుతామో పగడం ఒళ్లు కట్టుకోవడానికీ అవే కావాలి. ఆల్కలినిటీ అంతే. అక్వేరియం పుస్తకాల్లో 8 డీకేహెచ్ (ఆల్కలినిటీకి అక్కడ వాడే కొలత) అని రాస్తారు, దాన్ని 17.9తో గుణిస్తే మనకు అలవాటైన పీపీఎం లెక్కలో 143 వస్తుంది. చెరువు రిపోర్టు చదవగలిగిన ప్రతి రైతూ పగడాల తొట్టి రిపోర్టు చదవగలడు.

ఉప్పు కలిపే నీళ్లు ఇంకా ముఖ్యం. ఇంటి ఆర్‌వో నీళ్లు తాగడానికి బాగుంటాయి. కానీ చాలా మెషిన్లలో రుచి కోసం కొంత పచ్చి నీళ్లను మళ్లీ కలుపుతారు. నీళ్లలో కరిగిన లవణాలు చూపే టీడీఎస్ మీటరు ముంచితే నలభయ్యో యాభయ్యో చూపిస్తుంది. తొట్టికి కావలసింది సున్నా. ఆర్‌వో తరవాత, మిగిలిన లవణాల్ని కూడా పట్టేసే డీఅయనైజేషన్ రెజిన్ గొట్టం ఒకటి పెట్టుకుంటే వస్తుంది. ఈ పట్టింపు ఎందుకంటే మిగిలే ఆ కొద్దిలో సిలికేటూ ఫాస్ఫేటూ ఉంటే రాళ్ల మీద, అద్దం మీద గోధుమ రంగు పాచి వదలదు. ఏసీ నీళ్లు శుద్ధమైనవే కదా అని కొందరు బకెట్లు పట్టి పోస్తున్నారు. ఏసీ లోపల రాగి గొట్టాలు ఉంటాయి. రాగి పగడానికీ నత్తకీ రొయ్యకీ విషం. చెరువులో నాచు పోవడానికి వేసే మైలుతుత్తం కూడా రాగే కాబట్టి, మందులు కలిపిన బకెట్టు గానీ మగ్గు గానీ ఎంత కడిగినా తొట్టి దగ్గరకు రానివ్వకండి. ఇది రైతుల ఇళ్లలో తప్పకుండా గుర్తుపెట్టుకోవలసిన విషయం.

నీళ్లు ఆవిరైతే ఉప్పు ఆవిరి కాదు. ఎండల్లో చెరువు సెలినిటీ ఎందుకు పెరుగుతుందో తొట్టిలోనూ అందుకే పెరుగుతుంది. తగ్గినంత మేరా మంచినీళ్లే, అంటే ఆ సున్నా టీడీఎస్ నీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. మా ఇంట్లో ఆ పని మా అత్తగారిది. వెనక సంప్, అంటే నీళ్లు శుభ్రమయ్యే పక్క తొట్టి, దాని అద్దం మీద నేను గీసిన గీత ఉంది. రోజూ పూజ అయ్యాక వెళ్లి చూస్తారు. "గీత దిగిందే అమ్మాయ్" అంటూ చెంబుతో నెమ్మదిగా పోస్తారు. నేను సెలినిటీ కొలిచే రిఫ్రాక్టోమీటర్ పెట్టి చూస్తే ఎప్పుడూ 35 దగ్గరే ఉంటుంది. సెన్సార్లు పెట్టుకునేవాళ్లు పెట్టుకోండి, మంచిదే. కానీ రోజూ ఒకే వేళకు ఒకే మనిషి చూసుకునే తొట్టి మాత్రం చెడదు.

సామాన్ల గురించి మీ వ్యాసంలో చాలా రాశారు, నేను పొడిగించను. స్కిమ్మర్ గురించి మాత్రం ఒక మాట. చెరువులో గాలి వాలు మూలకు నురగ వచ్చి పేరుకోవడం అందరూ చూసే ఉంటారు. నీళ్లలోని జిడ్డు, మాంసకృత్తులు బుడగలకు అంటుకుని ఆ మూలకు చేరతాయి. స్కిమ్మర్ ఆ పనే గొట్టంలో చేసి ముదురు టీ రంగు నీళ్లను పై కప్పులోకి నెట్టేస్తుంది. మేత కుళ్లి అమ్మోనియా కాకముందే బయటకు పోతుంది కాబట్టి డబ్బు తక్కువైతే లైట్లో తగ్గించుకోండి, స్కిమ్మర్లో తగ్గించుకోవద్దు. మెత్తని పగడాలకు ఖరీదైన లైటు అవసరం లేదు. తొట్టి కూడా చిన్నది వద్దు. తెలియనివాళ్లు ముప్పై లీటర్లతో మొదలుపెడితే తేలికనుకుంటారు, నీళ్లు ఎంత తక్కువైతే అంకెలు అంత తొందరగా తారుమారవుతాయి. నూటయాభై లీటర్లకు తగ్గకుండా చూసుకోండి. నీళ్లు, రాళ్లు, గాజు కలిపి రెండొందల కిలోలు దాటే బరువు, మేడ మీద గదిలో పెట్టేముందు మేస్త్రీని అడగండి. ఉప్పునీళ్ల పక్కన కరెంటు ప్లగ్గులు ఉంటాయి కాబట్టి షాక్ కొడితే తనంతట తాను ఆగిపోయే బ్రేకర్ తప్పనిసరి.

వేడి మన దగ్గర అసలైన పరీక్ష. పగడానికి 25 నుంచి 27 డిగ్రీలు హాయి. 30 దాటి రోజుల తరబడి ఉంటే తన ఒంట్లో ఉండి అన్నం పెట్టే సూక్ష్మ శైవలాలను బయటకు తోసేసి తెల్లబడిపోతుంది. 2024లో లక్షద్వీప్ దిబ్బల్లో చాలా పగడాలు అలాగే తెల్లబడ్డాయి. రోహిణి కార్తెలో మన హాల్లో నీళ్లు ఎంతకు పోతాయో చెప్పక్కర్లేదు. పొడి ఊళ్లలో నీళ్ల మీదకు ఫ్యాన్లు పెడితే ఆవిరై మూడు నాలుగు డిగ్రీలు దిగుతుంది. కోనసీమ, నరసాపురం వైపు గాలిలోనే తడి ఉంటుంది, ఆవిరవడం తక్కువ, ఫ్యాను ఆదుకునేదీ తక్కువే. నీళ్లు చల్లబరిచే చిల్లర్ గానీ, ఆ గదిలో ఏసీ గానీ లెక్కలో పెట్టుకుని దిగాలి. తొట్టి, పంపులు, స్కిమ్మర్, లైటు, చిల్లర్ అన్నీ కలిపితే లక్ష దాటడం మామూలే. అంత పెట్టలేనివాళ్లు మంచినీటి చేపలు పెంచుకోవచ్చు, అందులో చిన్నతనం ఏమీ లేదు.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. 2025 అక్టోబరులో మొంథా తుపాను నరసాపురం తీరం దగ్గర దాటినప్పుడు పగలూ రాత్రీ కరెంటు లేకుండా గడిపిన ఊళ్లు ఎన్నో. నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు ఆగితే చెరువులో ఏమవుతుందో అందరికీ తెలుసు, అందుకే గట్టు మీద జనరేటర్ ఉంటుంది. తొట్టికి అంత అక్కర్లేదు. ఇన్వర్టర్ మీద చిల్లర్, లైటు పెట్టకుండా నీళ్లను కదిపే వేవ్ మేకర్ ఒక్కటి మాత్రమే ఆడిస్తే చాలా గంటలు వస్తుంది. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఒకటి కొని ఉంచుకోండి. కరెంటు లేనంతసేపూ మేత వేయకండి. చేప ఆకలికి ఓర్చుకుంటుంది, ఆక్సిజన్ లేకపోతే ఓర్చుకోలేదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే బాధ కలిగించిన విషయం. మీ వ్యాసంలో మధ్య ఫొటోలో కొమ్మలు కొమ్మలుగా ఉన్న రాతి పగడం ఉంది, పక్కన సముద్ర గుర్రం ఉంది. అవి ఎలా సంపాదించాలో రాయలేదు, సంపాదించకూడదనీ రాయలేదు. దిబ్బలు కట్టే రాతి పగడాలు, నల్ల పగడాలు, ఆర్గాన్ పైప్ పగడం, ఫైర్ కోరల్, విసనకర్రల్లా ఉండే సీ ఫ్యాన్లు, వీటన్నిటినీ 2001లో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. సముద్ర గుర్రాలూ, సముద్ర దోసకాయలనే జీవాలూ కూడా అప్పుడే చేరాయి. 2022 సవరణ తరవాత కూడా పగడాలు మొదటి షెడ్యూల్లోనే ఉన్నాయి. మొదటి షెడ్యూల్ అంటే పులికి ఉన్న రక్షణే. మన సముద్రంలోంచి తీసిన ముక్క దొరికితే మూడు నుంచి ఏడేళ్ల దాకా జైలు. చచ్చిన పగడం గుల్లకు కూడా చట్టం వర్తిస్తుంది. లైవ్ రాక్ పేరుతో కొట్లలో అమ్మే రాళ్లు చాలావరకు అవే. వీరవాసరం కుర్రాడికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. అతనికి బిల్లు కూడా ఇవ్వలేదు.

మరి తొట్టిలో రీఫ్, అంటే పగడాల దిబ్బ, ఎలా? రాయికి సిరామిక్‌తో చేసినవి దొరుకుతాయి, లోపలంతా రంధ్రాలు ఉంటాయి, బాక్టీరియాకు కావలసింది ఆ రంధ్రాలే. కొన్ని నెలలకు వాటి మీద కూడా గులాబీ రంగు పొర కట్టి సహజంగానే కనిపిస్తాయి. ప్రాణమున్న వాటిలో జోయాంథిడ్లు, మష్రూమ్‌లు, లెదర్ కోరల్ లాంటి మెత్తని రకాలు పై జాబితాలో లేవు. అవి కూడా తొట్లలో ముక్కలు చేసి పెంచినవే అడగండి, ఎక్కడ పెంచారో, ఎక్కడి నుంచి వచ్చాయో రాసిన బిల్లు తీసుకోండి. బిల్లు ఇవ్వని కొట్లో కొనొద్దు. నా తొట్టిలో రాతి పగడం ఒక్కటీ లేదు, ఉండాలనీ అనిపించలేదు. వచ్చినవాళ్లెవరూ తక్కువైందని అనలేదు.

జోయాంథిడ్ల విషయంలో ఒక హెచ్చరిక పెద్దక్షరాల్లో వేయవలసింది. వాటిలో కొన్ని రకాల్లో పాలీటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. రాయి మీద పాకిపోయాయని వేడినీళ్లు పోసి బ్రష్షుతో రుద్దితే ఆ ఆవిరి పీల్చిన ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలైన సంఘటనలు ఇతర దేశాల్లో జరిగాయి. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు లేకుండా ముట్టుకోవద్దు. కాలిన గాయం, తెగిన వేలు ఉంటే అసలే వద్దు. రాళ్లను వేడినీళ్లలో మరిగించడం ఎప్పుడూ చేయకండి.

చేపల్లో మొదటిది క్లౌన్ అయితేనే మంచిది, అదీ హేచరీలో పుట్టినదైతేనే. సముద్రపు రంగు చేపల్లో ఎక్కువ భాగం ఇప్పటికీ దిబ్బల నుంచి పట్టి తెచ్చేవే. క్లౌన్‌ను మాత్రం మన దేశంలోనే పిల్ల తీయవచ్చు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మండపం, విళింజం కేంద్రాల్లో ఆ పద్ధతి ఎప్పుడో నిలబెట్టింది. హేచరీ పిల్ల పొడి మేత తింటుంది, తొట్టికి అలవాటు పడే ఉంటుంది. దానికి ఆనెమొని (పువ్వులా ఉండే సముద్ర జీవి) కావాలన్నది 'ఫైండింగ్ నీమో' సినిమా చూసినవాళ్ల మాట, లేకపోయినా హాయిగా బతుకుతుంది. ఆనెమొనికి ముదిరిన తొట్టి కావాలి, మొదటి ఏడు దాని జోలికి పోకండి. నీలం టాంగ్ మీ వ్యాసంలో అందంగా ఉంది. కానీ అది ముప్పై సెంటీమీటర్ల దాకా పెరిగే చేప, రోజంతా ఈదే చేప. రెండొందల లీటర్లలో దాన్ని పెట్టడం నాకు సమ్మతం కాదు.

ఈ క్లౌన్ గురించే ఇంకొంచెం చెప్పాలి. రెండు చిన్న పిల్లల్ని కలిపి పెంచితే పెద్దది ఆడది అవుతుంది, రెండోది మగదిగా ఉండిపోతుంది. జత కుదిరాక రాయి మీద నారింజ రంగు గుడ్లు దగ్గర దగ్గరగా పరుస్తాయి. మగది మొప్పల పక్క రెక్కలతో గాలి ఆడిస్తూ కాపలా కాస్తుంది. వారం అటూ ఇటూగా, రాత్రి లైటు ఆర్పాక పిల్లలు బయటపడతాయి. వాటికి మేతగా మొదట రోటిఫర్లనే సూక్ష్మ జీవులు, తరవాత ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి జీవులు పెట్టాలి. ఇది చదువుతున్న హేచరీ కుర్రాళ్లకు నేనేం చెప్పబోతున్నానో ఈపాటికి అర్థమై ఉంటుంది. ఆల్గే పెంచడం, ఆర్టీమియా పొదిగించడం, అర్ధరాత్రి టార్చితో బీకరు పైకెత్తి పిల్ల కదలిక చూడటం, ఉప్పాడ దాటాక ఉన్న హేచరీల్లో మనవాళ్లు ఏడాది పొడుగునా చేసే పనులే ఇవి. లక్షద్వీప్‌లోని అగత్తి దీవిలో జాతీయ మత్స్య జన్యు వనరుల సంస్థ అక్కడి ఆడవాళ్లకు నేర్పించి ఇళ్ల దగ్గర అలంకార రొయ్యలు పెంచిస్తోంది. అగత్తిలో సాధ్యమైనది కోనసీమలో ఎందుకు సాధ్యం కాదు? రొయ్య ధర పడిపోయిన ప్రతిసారీ ప్రత్యామ్నాయం ఏమిటని మీటింగులు పెడుతుంటాం. ఫిషరీస్ యూనివర్సిటీ కోసం 2020లో చట్టం చేసి దానికి నరసాపురాన్నే ఎంచుకున్నారు. అక్కడ క్లౌన్ పిల్లల పెంపకం మీద చిన్న కోర్సు ఒకటి పెడితే ముందు నేర్చుకునేదాన్ని నేనే అవుతాను. దిబ్బ నుంచి పట్టిన చేప మన ఊళ్లకు రాకుండా ఆపడానికి ఇంతకంటే నికరమైన దారి నాకు కనిపించడం లేదు.

తొట్టి మానేయాలనుకున్నవాళ్లు దయచేసి ఆ నీళ్లూ ఆ జీవాలూ పంట కాలువలోనో డ్రెయిన్లోనో పోయకండి. ఉప్పునీళ్లు వరికి చేటు, బయటి రొయ్య జాతులు తెచ్చే జబ్బు మన చెరువులకు చేటు. జీవాల్ని తొట్టి ఉన్న ఇంకొకరికి ఇవ్వండి. నీళ్లలో బ్లీచింగ్ కలిపి ఒక రోజు ఉంచి, పొలానికీ కాలువకీ దూరంగా పారబోయండి.

వీరవాసరం కుర్రాడి తొట్టిలో క్లౌన్లు రెండూ పోయాయి. టాంగ్‌ను కొట్టువాళ్లు వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు అతను ఉత్త రాళ్లతో తొట్టి నడుపుతూ వారానికోసారి సీసా తెస్తున్నాడు. పోయిన వారం అమ్మోనియా దిగింది, నైట్రైట్ లేచింది. అలాంటివాళ్లు జిల్లాలో ఇంకా ఉంటారు. ఆక్వా ల్యాబ్ లేని పెద్ద ఊరు మన డెల్టాలో లేదు, చెరువు నీళ్లు చూసే ఏ ల్యాబ్ అయినా తొట్టి నీళ్లూ చూస్తుంది, సీసా మీద అక్వేరియం అని రాసి ఇవ్వండి. సంపాదకుల వారికి నా మనవి ఒక్కటే. ఆ రెండు రోజుల మాటను సరిదిద్దుతూ, పగడాల మీద చట్టం ఏమంటుందో చెబుతూ, ఆ వ్యాసం వేసిన పేజీలోనే, అంత అక్షరాల్లోనే ఒక వివరణ వేయండి. వేసవి సెలవులకు పిల్లలు తొట్టి కావాలని అడిగే రోజులు వస్తున్నాయి, ఆలోగానే వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
భీమవరం, పశ్చిమ గోదావరి జిల్లా